ఇర్మెలి కయాక్‌కి మూడో పూత

బుధవారం ఉదయం ఎన్సియో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. రోజుకొకటి చొప్పున మూడు పూతల వార్నిష్ వేయాలి. శనివారం ఆరాలి. ఆదివారం భార్య ఇర్మెలి అరవయ్యో పుట్టినరోజున, తన చేత్తో చేసిన దేవదారు కయాక్ పడవని వెసియార్వి సరస్సులో దింపి "ఇది నీకే" అనాలి. ఆ రెండు మాటలకీ ఆయన ఇప్పటినుంచే సాధన చేస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అంత పెద్ద ప్రసంగం ఎప్పుడూ చేయలేదు మరి.

రెండు చలికాలాల పాటు సాయంత్రం బడిలో వడ్రంగం క్లాసుకి వెళ్లి ఆ కయాక్ చేశాడు. ఇంట్లో మాత్రం సలాడ్ గిన్నె చెక్కుతున్నానని చెప్పాడు. రెండేళ్లయినా ఒక్క గిన్నె తెమలకపోతే ఏ భార్యకైనా అనుమానం రావాలి. ఇర్మెలికి రాలేదు. భర్త పనితనం మీద ఆవిడ అంచనా అలాంటిది.

చిక్కల్లా చోటు దగ్గర వచ్చింది. సెలవులకి బడి మూసేశారు. వార్నిష్‌కేమో వెచ్చగా, గాలాడుతూ, దుమ్ము లేని చోటు కావాలి. లాహ్తి ఊళ్లో ఆయన ఎరిగినంతలో అలాంటి చోటు ఒక్కటే. తమ అపార్ట్‌మెంటు అడుగున అందరూ బట్టలారేసుకునే గది. తలుపు మీద పట్టికలో ఇంటికి రెండు గంటల చొప్పున పేరు రాసుకోవాలి. మూడు రోజులు ఒక్కరే రాసుకోవడమనేది ఆ భవనం కట్టాక జరగలేదు. పైగా భవనం సంఘానికి అధ్యక్షురాలు సాక్షాత్తూ ఇర్మెలి. అందుకని, చలికాలం వెళ్లినా ఇంకా స్పెయిన్‌లోనే ఎండ కాచుకుంటున్న నాలుగో అంతస్తు కుయిస్మా పేరు రాసేశాడు. ఊళ్లో లేనివాడికి చెడ్డపేరొస్తే నొప్పేముందనుకున్నాడు.

బుధవారం సాయంత్రానికి మెట్ల దగ్గర గోడ మీద మొదటి చీటీ వెలిసింది: "కుయిస్మా గారూ, స్వాగతం. మాకూ దుప్పట్లున్నాయి." సంతకం లేదు. గురువారం పొద్దున దాని కింద ఇంకొకటి: "ఆ వాసన ఏమిటి?" మధ్యాహ్నానికి మరొకటి: "ఫ్యాను ఆగట్లేదు. కరెంటు అందరిదీ." ఎదురుపడినప్పుడు మాత్రం ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. గోడ ఉండగా మనుషులతో మాట్లాడటం మర్యాద కాదు.

"సారా కాస్తున్నాడు," అంది ఇర్మెలి, రాత్రి సాల్మన్ సూపు వడ్డిస్తూ.

"ఎవరు?"

"ఇంకెవరు, ఆ కుయిస్మా! తాళం, ఫ్యాను, ఘాటు వాసన. పైగా 'వేలెడు సందు కూడా తెరవొద్దు' అని బోర్డొకటి."

"పాపం, బట్టలే ఆరేసుకుంటున్నాడేమో."

"మూడు రోజులా? ఏం, ఓడ తెరచాపలు ఉతికాడా? రేపు రెండింటికి అందరినీ తీసుకెళ్లి తాళం తీస్తా. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. నువ్వూ వస్తావా?"

"నాకు గిన్నె పనుంది," అన్నాడు ఎన్సియో. సూపులో ముల్లు లేకపోయినా ఆయనకి పొలమారింది.

శుక్రవారం పదింటికే పని మొదలెట్టాడు. దుమ్ము లేవకుండా నేల తడిపాడు. వార్నిష్‌కి శత్రువు దుమ్మనీ, దుమ్ముకి పుట్టిల్లు బట్టలనీ క్లాసులో మాస్టారు చెప్పారు. అందుకని ఒంటి మీద నూలుపోగు లేకుండా కుంచె పట్టాడు. ఒంటిగంటకల్లా ముగించి, పైకెళ్లి, ఏదో ఒక అబద్ధం చెప్పి ఇర్మెలిని ఆపాలి. అబద్ధం ఇంకా తట్టలేదు. పూత పూర్తయ్యేలోపు తట్టకపోతుందా అనుకున్నాడు.

పన్నెండింటికి మెట్ల మీద గొంతులు వినిపించాయి.

"నేను సారా కాస్తున్నానా? ఇప్పుడే విమానం దిగానమ్మా! పెట్టె కూడా విప్పలేదు! పదకొండు చీటీలు నా మీద! ఎవడు వాడాడు నా పేరు? తియ్యండి తలుపు!"

"తీస్తున్నా, అరవకండి కుయిస్మా గారూ."

"తీయొద్దు!" అని లోపల్నుంచి కేకేశాడు ఎన్సియో.

"ఎన్సియో?!" అంది ఇర్మెలి. తలుపు తెరుచుకుంది.

గుమ్మంలో ఇర్మెలి, పెట్టెతో కుయిస్మా, వెనక ఆరుగురు. అందరికన్నా ముందు కింది వాటా ఐలా గారి తెల్ల బొచ్చుకుక్క. లోపల కుంచెతో ఎన్సియో. ఆయన్ని ఆ అవతారంలో చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. శనివారం శనివారం ఆవిరిస్నానం చేసి అలాగే సరస్సులో దూకేటప్పుడు అందరూ చూసిందే. వాళ్లని కలవరపెట్టింది ఒక్కటే. ఇది ఆవిరిగది కాదు, ఇవాళ శనివారమూ కాదు.

అసలే మే నెల, కుక్కలకి బొచ్చు రాలే కాలం. కొత్త వాసన తగలగానే కుక్క ఒక్కసారి ఒళ్లు విదిలించింది. మిగతా పని ఫ్యాను చూసుకుంది. తడి వార్నిష్ మీద పలచగా మంచు కురిసినట్టయింది.

"అయిపోయింది," అంటూ ఎన్సియో తువ్వాలు చుట్టుకుని తడినేల మీద కూలబడ్డాడు. "ఇక ఆరాక రుద్ది మళ్లీ పూయాల్సిందే. ఆదివారానికి కాదు."

"ఆదివారం ఏముంది?" అంటూనే ఇర్మెలి కయాక్ ముక్కు మీద చిన్న అక్షరాల్లో తన పేరు చూసింది.

"ఇది నీకే," అన్నాడు ఎన్సియో. రెండు మాటలూ తడబడకుండానే వచ్చాయి.

"మరి గిన్నె?"

"గిన్నె లేదు."

దానికి బదులిచ్చింది భార్య కాదు, అధ్యక్షురాలు.

"ఇది బిగుసుకోవడానికి ఎంతసేపు?"

"పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు."

"ఐలా గారూ, ముందు కుక్కని పైన వదిలేసి రండి. మిగతావాళ్లు ఇంట్లో ఉన్న పట్టకార్లన్నీ పట్రండి. ఉన్ని బట్టలతో ఎవరూ గుమ్మం దాటొద్దు!"

ఐదు నిమిషాల్లో ఎనిమిదిమంది, ఈత దుస్తుల్లో, కయాక్ చుట్టూ మోకాళ్ల మీద ఉన్నారు. ఒకరి చేతిలో కనుబొమల పట్టకారు, ఒకరి చేతిలో చేపముళ్లు తీసే పట్టకారు. కుయిస్మా తపాలా బిళ్లల పట్టకారు తెచ్చుకున్నాడు.

"నా పేరే దొరికిందా నీకు?" అన్నాడు, వెంట్రుక పీకుతూ.

"క్షమించండి. మీరు ఊళ్లో లేరు కదాని..."

"వచ్చే ఏడూ ఉండను. కానీ ముందే చెప్పి ఏడువు." ఇంకో వెంట్రుక పీకాడు. "చెక్క బాగుందయ్యా."

"మా కుక్కది నిండా మూడు గుప్పెళ్లుంది," అంది ఐలా, తప్పు చేసినదానిలా. "మేజోళ్లు అల్లుకోవచ్చు."

పదిహేడేళ్లుగా మెట్ల మీద తల ఊపి తప్పుకుపోయే మనుషులు వీళ్లు. ఎన్సియోకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వార్నిష్ మీద పడతాయేమోనని మొహం పక్కకి తిప్పుకుని, కుంచె అందుకుని పూత మీద పైపైన మళ్లీ ఒకసారి లాగాడు. పూత అద్దంలా సర్దుకుంది.

ఆదివారం అందరూ కాఫీ ఫ్లాస్కులు, యాలకుల బన్నులు పట్టుకుని ఒడ్డుకి వచ్చారు. కయాక్ నీళ్లలోకి దిగింది. ఇర్మెలి అందులోకి దిగింది. పక్కన తనూ ఎక్కుదామని ప్యాంటు మడుచుకున్న ఎన్సియోకి, రెండు చలికాలాల్లో తట్టని సంగతి అప్పుడు తట్టింది. తను చేసింది ఒక్క మనిషి పట్టే కయాక్.

ఇర్మెలి దీవి చాటుకి వెళ్లింది. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. ఏడుగురికి కాఫీ పోస్తూ, పోసిన ప్రతిసారీ "మీ దయ" అంటూ, ఎన్సియో ఒడ్డునే నిలబడ్డాడు. చివరికి ఇర్మెలి వచ్చింది. ముక్కు ఎండకి కమిలింది, మొహం మాత్రం ఇరవయ్యేళ్లు వెనక్కి వెళ్లింది. కయాక్ పక్కని అరచేత్తో ఒకసారి నిమిరి, మొగుడి వంక చూసింది.

"పర్లేదు," అంది.

పెళ్లిలో కూడా ఆవిడ ఆయన్ని అంతగా పొగడలేదు.