వరదరాజులు గాలి లెక్క

ఆ ఫాల్గుణ మాసపు ఉదయం జయరాములు పథకం చాలా చిన్నది. గుడియాత్తంలో సైకిలెక్కాలి, పదింటికల్లా వేలూరు చేరాలి, తను నేసిన రెండు నమూనా లుంగీలు గుడ్డల వ్యాపారి బలరామయ్య శెట్టి ముందు పరచాలి. రంగూన్‌కు ఎవరి సరుకు పంపాలో శెట్టి ఈరోజే తేలుస్తాడు. ఆర్డరు రాకపోతే, మూడు నెలలుగా పడుకున్న మగ్గం ఇక లేవదు.

వెనక సీటు మీద లుంగీల మూట పట్టుకోవడానికి బావమరిది వరదరాజులు తయారయ్యాడు. కాలేజీలో ఏడాది సైన్సు చదివి, పరీక్ష ముందురోజు ఇంటికొచ్చేసిన మేధావి.

"ఆగు బావా! ఇప్పుడు వేడి ఇరవై డిగ్రీలు, మద్దేనానికి నలభై. వేడి రెండింతలైతే చక్రంలో గాలీ రెండింతలైతాది. టైరు పేలిపోతాది!" అంటూ సగం గాలి బుస్సుమని వదిలేశాడు. చదువుకున్నవాడి మాట కదా అని జయరాములు సైకిలెక్కాడు.

ఎండ పెరిగిన కొద్దీ వరదరాజులు దిగి, ఇంకాస్త గాలి తీస్తూ వచ్చాడు. పళ్లికొండ దగ్గర వెనక చక్రం ఇనుప అంచు నేలకు ఆని, ట్యూబు తెగింది.

"టైరులో ఏమన్నా మెత్తటిది కుక్కితే బండి నడుస్తాది బావా."

ఇద్దరి తువ్వాళ్లూ కుక్కారు. జయరాములు తలపాగా కుక్కారు. చాల్లేదు. వరదరాజులు చూపు మెల్లగా మూట మీదికి పోయింది.

"వద్దప్పా, నీకు దండం పెడతా!"

"చేరకపోతే లుంగీలుండి ఏం చేస్తాయి బావా?"

కన్నబిడ్డలను సాగనంపినట్టు జయరాములు వాటినీ టైరులోకి సాగనంపాడు.

పదకొండు దాటాక శెట్టి కొట్టు చేరారు.

"నమూనా యాడ జయరాములూ?" అన్నాడు శెట్టి. జయరాములు తల వంచుకుని వెనక చక్రం చూపించాడు.

గుడ్డ కొనడానికి వచ్చిన సైన్సు మాస్టరొకాయన కథంతా విని, కడుపు పట్టుకుని నవ్వాడు. "నాయనా, మన సున్నా గాలికి సున్నా కాదు. దాని లెక్క ఇంకా రెండువందల డెబ్బైమూడు డిగ్రీలు కిందనించి మొదలైతాది. నీ ఇరవై దానికి రెండువందల తొంభైమూడు, నీ నలభై మూడువందల పదమూడు. పదిహేనో వంతు పెరిగేదానికి ఇంత రాద్ధాంతమా?"

బావమరిదిని ఏ నూతిలో తొయ్యాలా అని జయరాములు ఆలోచిస్తుండగా, శెట్టి లుంగీలు బయటికి లాగించి బకెట్లో ముంచాడు. మట్టి వదిలింది, రంగు వదల్లేదు. ఎండకు పట్టి చూశాడు. ఒక్క పోగైనా తెగలేదు.

"పన్నెండు మైళ్లు ఇద్దరు మొగోళ్లను మోసినాయా ఇవి! ఆర్డరు నీకే నాయనా, ఐదువందల లుంగీలు."

జయరాములు కళ్లు తుడుచుకున్నాడు. ఆ క్షణాన వరదరాజులు కూడా ముద్దొచ్చాడు.

"ఒక్క షరతు" అన్నాడు శెట్టి. "సరుకు బండిలో రానీ, నమూనా మాత్రం ఎప్పుడూ చక్రంలోనే రావాల."