కార్ట్రిడ్జ్ కోసం వచ్చిన గొర్రెలు

సోమవారం పొద్దున గిరి వేసుకున్న పథకంలో గొర్రెలు లేవు. బేస్తవారం మధ్యాహ్నం కొరియర్ వస్తుంది. సంతకం పెట్టి పొట్లం తీసుకుంటాడు. పూట సెలవు చీటీ ముందే రాసి సొరుగులో పెట్టుకున్నాడు కాబట్టి, రెండింటికల్లా ఇల్లు చేరి, తలుపు దగ్గరగా వేసి, టీవీ ముందు కూర్చుంటాడు. పథకమంతా ఇంతే.

గిరికి ముప్పై తొమ్మిదేళ్లు. నల్గొండకు ముప్పావుగంట బస్సు దూరంలో ఉన్న ఒక పశువుల దవాఖానలో గుమాస్తా. మందుల లెక్క రాస్తాడు, అర్జీలు తీసుకుంటాడు, డాక్టరమ్మ చేతికి కావలసింది అందిస్తాడు. ఊరివాళ్లకు నెమ్మదస్తుడిగానే తెలుసు. అతనింట్లో ముప్పై ఏళ్లనాటి వీడియో గేమ్ డబ్బా ఉందనీ, దాన్ని హైదరాబాదు ఆదివారపు అంగట్లో వెతికి కొన్నాడనీ, అలాంటి డబ్బాలున్న పదకొండు మందితో ఫోనులో ఒక గ్రూపు ఉందనీ ఎవరికీ తెలియదు. తెలియకుండా అతను జాగ్రత్తపడ్డాడు.

ఆ డబ్బాలో పెట్టే ఆటల బిళ్లను చిన్నప్పుడు అందరూ క్యాసెట్ అనేవాళ్లు. గ్రూపు పెద్ద గోపీకృష్ణ మాత్రం ఆ మాట ఒప్పుకోడు. అతనిది మహబూబ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. "క్యాసెట్ అంటే పాటలది. దీన్ని కార్ట్రిడ్జ్ అనాలె," అని అందరినీ దిద్దుతుంటాడు. ఇప్పుడు రాబోయేది మామూలు కార్ట్రిడ్జ్ కూడా కాదు. ఫ్లాష్ కార్ట్రిడ్జ్. అందులో గోరంత మెమరీ కార్డు పెట్టి, పాత ఆటలన్నీ ఒక్కదాంట్లోకే ఎక్కించుకోవచ్చు. కోయంబత్తూరులో ఇద్దరు ఇంజనీర్లు ఇంట్లో కూర్చుని చేస్తున్నారు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఎనిమిది నెలలు గడిపి, ఆదివారం సాయంత్రం పంపేశామని కబురు పెట్టారు.

సోమవారం పదింటికి గిరి దవాఖాన వరండాలో నిలబడి గోపీకృష్ణకు ఫోను చేశాడు.

"అన్నా, ఈసారి పక్కా. కార్ట్రిడ్జ్ బేస్తారం వస్తాంది. ఎనిమిది నెలల సంది చూసుడాయె. ఒక్కటి చాలన్నా, అన్నిటికీ పనిచేస్తది. ఊకె పెట్టుడు, పీకుడు ఉండదు. ఒక్కపారి లోపల పెడితే అయిపాయె. సచ్చిందనుకున్నది సుత లేచి కూసుంటది. ముందుగాల కొన్నే పంపుతున్నరట, మళ్ల దొరుకుతయో లేదో."

ఫోను పెట్టేసి తిరిగేసరికి వరండా మెట్టు మీద జానమ్మ కూర్చుని ఉంది. కాలి గిట్టకు పుండైన గొర్రెను ఒళ్లో ఒత్తిగిలబెట్టుకుని డాక్టరమ్మ కోసం ఎదురుచూస్తోంది. ఆమె, కొడుకు మల్లన్న కలిసి డెబ్బై గొర్రెల మందను కాస్తారు.

"ఏంది సారూ గది?" అంది జానమ్మ.

"ఏది అవ్వా?"

"గదే, కాట్రేజి. బేస్తారం వస్తదంటివి గద."

గొర్రె పుండుతో వచ్చిన ముసలామెతో, నేను ఆటబొమ్మ కోసం ఎదురుచూస్తున్నానని చెప్పడానికి గిరికి నోరు రాలేదు. "దవాఖాన సామానవ్వా. దూరంకెల్లి వస్తాంది," అన్నాడు.

"మంచిదే నాయినా," అంది జానమ్మ, గొర్రె తల నిమురుతూ.

ఇంతలో లోపలి గదిలోంచి డాక్టర్ కరుణ బయటికి వచ్చింది. దవాఖాన ప్రింటరులో ఇంకు కార్ట్రిడ్జ్ అయిపోయి నలభై రోజులైంది. గొర్రెల బీమా పత్రాలు అచ్చు కాక జనం తిరిగి తిరిగి పోతున్నారు. ఆమె పై ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాసింది. ఆమెకు వినిపించింది ఒక్క ముక్కే.

"కార్ట్రిడ్జ్ వస్తుందా గిరీ? బేస్తవారమా? నాతోటి చెప్పలేదేంది, ఇంత మంచి మాట."

"అది కాదు మేడం..." అంటుండగానే ఆమె ఫోను మోగింది. జిల్లా ఆఫీసు. "ఆ సార్, కార్ట్రిడ్జ్ వస్తున్నది సార్. బేస్తవారం సాయంత్రానికల్లా అన్ని పత్రాలు అచ్చేసి పంపుతా," అని ఆమె చెబుతుంటే గిరి ఎదురుగా నిలబడి విన్నాడు. సాయంత్రం నెమ్మదిగా చెబుదామనుకున్నాడు. సాయంత్రం ఒక బర్రె ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చి ఆమె వెళ్లిపోయింది. మరునాటి నుంచి రెండు రోజులు ఆమెకు నల్గొండలో మీటింగు.

జానమ్మ మాత్రం ఎక్కడికీ పోకుండా ఊళ్లోనే ఉంది. మంగళవారం ఆమె తోటి కాపర్లకు చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. దూరం నుంచి కాట్రేజి అనేదొకటి వస్తోంది. అన్నిటికీ అదొక్కటే చాలు. ఒక్కసారి లోపల పెడితే అయిపోయింది. చచ్చిందనుకున్నది కూడా లేచి కూర్చుంటుంది. గుమాస్తా సారే ఫోనులో చెప్పగా తన చెవులతో విన్నది. కొన్నే వస్తున్నాయి.

ఇందులో సూది ఉండదన్న మాట మాత్రం ఆమె అనలేదు. అది రెండో ఊళ్లో చేరింది.

బుధవారం మధ్యాహ్నం మల్లన్న గిరికి ఫోను చేశాడు. "సారూ, రేపు మంద మొత్తం తోల్కరావాల్నా, ఓ నాలుగు తెస్తే చాల్నా?"

గిరి కడుపులో పురుగులకు తాపే నట్టల మందు సంగతి అనుకున్నాడు. "నాలుగు తెస్తే ఏం లాభం మల్లన్నా? మొత్తం తోల్కరా. తాపితే అన్నిటికీ ఒక్కపారే తాపాలె," అన్నాడు. ఈ మాట సాయంత్రానికి నాలుగు ఊళ్లు తిరిగింది.

బేస్తవారం పొద్దున తొమ్మిదింటికి గిరి ఎక్కిన బస్సు దవాఖానకు ఫర్లాంగు దూరంలో ఆగిపోయింది. రోడ్డు నిండా గొర్రెలున్నాయి. బస్సు దిగి వాటి మధ్య నుంచి నడిచాడు. గేటు ముందు, లోపల ఆవరణలో, వెనక తుమ్మచెట్ల కింద కూడా గొర్రెలే. ఆరు మందలు వచ్చాయి. గొంగళ్లు భుజాన వేసుకున్న ముప్పై నలభై మంది గోడ నీడన కూర్చున్నారు. ఇంకో పక్క బీమా పత్రాల కోసం పదిహేను మంది నిలబడ్డారు. వాళ్లకు డాక్టరమ్మే కబురు పెట్టింది.

"ఏమైంది మల్లన్నా, ఏదన్న రోగం దిగిందా?" అన్నాడు గిరి.

"రోగమేంది సారూ? నువ్వే తోల్కరమ్మంటివి. కాట్రేజికి వచ్చినం."

సోమవారం ఫోనులో తానన్న మాటలు గిరికి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వాటిని ఇప్పుడు గొర్రెల వైపు నుంచి విని చూసుకుంటే, జానమ్మది ఏ తప్పూ కనిపించలేదు.

పదిన్నరకు గోపీకృష్ణ దిగాడు. కార్ట్రిడ్జ్ వచ్చిన ఘడియలోనే చూడాలని మహబూబ్‌నగర్ నుంచి మొదటి బస్సెక్కి వచ్చాడు. ఆవరణలో జనాన్ని చూసి అతని ముఖం వెలిగిపోయింది. "వీళ్లంతా కార్ట్రిడ్జ్ కోసమేనా? మనోళ్లు ఇంతమంది ఉన్నరా ఇక్కడ? గ్రూపుల చేర్పియ్యలేదేంది?" అన్నాడు. గిరి అతన్ని మందుల గదిలోకి తీసుకుపోయి సంగతి చెప్పాడు. గోపీకృష్ణ కిటికీలోంచి మరొకసారి చూశాడు. "వెనక గేటున్నదా?" అని అడిగాడు.

ఉంది. దాని నిండా కూడా గొర్రెలే.

డాక్టర్ కరుణ వచ్చేసరికి పదకొండైంది. ఆమె గొర్రెలను చూసి కాదు, వాటి మధ్య కూర్చున్న కురుమయ్యను చూసి ఆగిపోయింది. కురుమయ్యకు డెబ్బై ఏళ్లు. పక్క ఊరి మనిషి, ఈ చుట్టుపక్కల కాపర్లందరికీ పెద్ద. సూది వేస్తే గొర్రె మూడు రోజులు మేత ముట్టదని అతని నమ్మకం. మృగశిర, అంటే మిరుగు కార్తెలో తొలి వానలు పడి, గొర్రె లేత గడ్డి తిన్నదంటే చిటుక రోగం వస్తుంది. పొద్దున మేసిన గొర్రె మాపటికి ఉండదు. దానికి టీకా సర్కారు ఊరికే వేస్తుంది. ఆటోకు మైకు కట్టి రెండుసార్లు చాటింపు వేయించినా, కురుమయ్య వద్దన్నాడని ఒక్క మందా రాలేదు. టీకా సీసాలు ఫ్రిజ్‌లో అట్లాగే ఉన్నాయి. మిరుగుకు ఇంకా ఐదు రోజులే ఉంది.

"పెద్దాయన కూడా వచ్చిండా? ఎట్ల వచ్చిండు గిరీ?" అంది ఆమె.

గిరి చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే రోడ్డు మీద హారన్ మోగింది. కొరియర్ మనిషి బండి గొర్రెల్లో ఇరుక్కుంది. "గిరి అంటే ఎవరు? కార్ట్రిడ్జ్ పార్సిలు," అని అతను అరవగానే గోడ నీడన ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. నలుగురు ముందుకు పోయి గొర్రెలను చీల్చి దారి చేశారు. జానమ్మ కొంగున తెచ్చిన పసుపు తీసి పొట్లానికి బొట్టు పెట్టింది. పొట్లం ఆవరణలో వేసిన బల్ల మీదికి చేరింది. ఒకవైపు కురుమయ్య, ఒకవైపు డాక్టరమ్మ, చుట్టూ జనం.

"విప్పు," అంది కరుణ.

గిరి విప్పాడు. లోపల అరచేయంత నల్లటి ప్లాస్టిక్ బిళ్ల, వాడే పద్ధతి చెప్పే చిన్న పుస్తకం ఉన్నాయి. కరుణ బిళ్లను అటూ ఇటూ తిప్పింది. "ఇది మన ప్రింటరుకు పట్టదు గదా," అంది.

"గొర్రెకెట్ల పడతది?" అన్నాడు కురుమయ్య.

అందరూ జానమ్మ వైపు చూశారు. రెండు కోసుల దూరం నుంచి గొర్రెలను తోలుకొచ్చింది ఆమె మాట మీదనే. ఆమె కొంగుతో నుదురు తుడుచుకుంది. "సారే అన్నడు. నా చెవులతోటి విన్న," అంది చిన్నగా. ఆ గొంతు విన్నాక గిరికి ఇక దాచాలనిపించలేదు.

"అవ్వ అబద్ధం చెప్పలే," అన్నాడు. "ఉన్నదున్నట్టే చెప్పింది. నేనే సక్కగ చెప్పలే. ఇది మందు కాదు. మేడం, ఇది ప్రింటరుది గూడ కాదు. టీవీకి పెట్టి ఆడే ఆట. నా సొంతానికి తెప్పించుకున్న. అవ్వ అడిగిన్నాడే చెప్పాల్సింది. సిగ్గయింది."

"సిగ్గెందుకు?" అన్నాడు కురుమయ్య.

"నలభై ఏండ్లొస్తున్నయ్ తాతా. ఇంకా ఆటేందని నవ్వుతరని."

కురుమయ్య కర్ర పక్కన పెట్టి బల్ల దగ్గరే కూర్చున్నాడు. "నాకు డెబ్బై. దినాం పొద్దుమీకి మా అరుగు మీద పులిజూదం ఆడత. నిన్న గూడ ఓడిన," అన్నాడు. గోడ దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్వు మెల్లగా అందరిలోకీ పాకింది. కరుణ మాత్రం నవ్వలేదు. ఆమె ఆరు మందలను లెక్కపెడుతోంది.

"తాతా, వచ్చింది వచ్చిన్రు. చిటుక రోగం సూది ఉన్నది. వేసేస్త. ఏం కాదు," అంది.

"నువ్వెప్పుడూ ఏం కాదనే అంటవమ్మా," అని కురుమయ్య గిరి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇంతమందిల నీ ఆట సంగతి ఒప్పుకున్నోనివి. సూదేస్తే గొర్రె మేత ముట్టదా?"

గిరి డాక్టరమ్మ వైపు ఒకసారి చూశాడు. "కొన్ని ముట్టవు తాతా. ఒక దినం మబ్బుగ ఉంటయ్. సూది పడ్డకాడ జర వాస్తది. రెండో దినం తింటయ్. ఎయ్యకుంటే మాత్రం మిరుగుల ఏమైతదో నీకే ఎరుక."

కురుమయ్య సమాధానం చెప్పేలోపలే జానమ్మ తన గొర్రెను ఎత్తి బల్ల ముందు దించింది. "నా మాట మీద వచ్చిన్రు. ముందుగాల నా దానికే ఎయ్యున్రి," అంది. మల్లన్న మంద తోలాడు. కాసేపటికి కురుమయ్య కూడా కర్ర తీసుకుని లేచాడు.

ఆ పూట సెలవు చీటీ సొరుగులోనే ఉండిపోయింది. గిరి చేత్తో పేర్లు రాశాడు, గొర్రెలను పట్టాడు, మళ్లీ పేర్లు రాశాడు. గోపీకృష్ణ ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా మడిచి, సూది వేసిన గొర్రెలకు రంగు చుక్క పెట్టాడు. మూడు గంటలప్పుడు ఒక పొట్టేలు బల్ల మీదికి కాళ్లెత్తి, వాడే పద్ధతి చెప్పే పుస్తకాన్ని అట్టతో సహా నమిలేసింది. సాయంత్రం ఆరింటికి ఫ్రిజ్ ఖాళీ అయింది. ఆరు వందల ముప్పై గొర్రెలకు టీకా పడింది. జిల్లా ఆఫీసు నుంచి అచ్చు పత్రాలేవని ఫోను వస్తే కరుణ ఆ సంఖ్య చెప్పింది. అవతలి మనిషి రెండుసార్లు చెప్పించుకుని, పత్రాల మాట మరిచిపోయాడు.

శనివారం కురుమయ్య స్వయంగా వచ్చి, తన మందలో పదకొండు గొర్రెలు ఒక రోజు మేత ముట్టలేదనీ, రెండో రోజు తిన్నాయనీ చెప్పి పోయాడు. ఆ వారంలోనే వానలు పడ్డాయి. గడ్డి మొలిచింది. ఆ ఆరు మందల్లో ఒక్క గొర్రె కూడా చిటుక రోగంతో పోలేదు.

పుస్తకం లేకపోవడంతో కార్ట్రిడ్జ్‌ను పని చేయించడానికి గిరికి, గోపీకృష్ణకు ఒక ఆదివారమంతా పట్టింది. తర్వాతి బేస్తవారం సాయంత్రం గిరి ఇంటి తలుపు చప్పుడైంది. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మల్లన్న నిలబడ్డాడు. వెనక గొర్రెలు లేవు.

"ఏం మల్లన్నా, అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. గొర్లకైతే అయిపాయె గద సారూ," అన్నాడు మల్లన్న, చెప్పులు విడుస్తూ. "ఇగ నాకు జూపియ్యి."

గిరి ఇంకో కుర్చీ వేశాడు. మల్లన్న మొదటి ఆటలో మూడు ప్రాణాలూ నాలుగు నిమిషాల్లో పోగొట్టుకుని, ఈ బిళ్లలో ఇంకా ఎన్ని ఆటలున్నాయని అడిగాడు. గిరి ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు: రెండు వేలు.

మరునాటి నుంచి జానమ్మ మందను మల్లన్నకు బదులు అతని బామ్మర్ది కాస్తున్నాడు.