కిందపడనన్న భీముడు

ఆ ఉదయం ఆదిమూలం వేసుకున్న పథకం చాలా చిన్నది. వడమాలపేట బస్టాండు ముందు హీరో ఒక్క గుద్దు గుద్దుతాడు, రౌడీ మట్టి కరుస్తాడు, యూనిట్ ఇడ్లీలు తిని మద్రాసు వెళ్లిపోతుంది. అది 1979 ఎండాకాలం. డైరెక్టరుగా అతనికదే మొదటి సినిమా.

అంతకుముందు పదేళ్లు మద్రాసులో సినిమా కథలు రాసిన ఆదిమూలానికి ఒకటే కడుపుమంట. తల్లి చావు రాసిస్తే డైరెక్టరు దాన్ని పాము డాన్సు చేశాడు. అన్నదమ్ముల గొడవ రాసిస్తే కారు రేసు అయింది. తన కథలో ఒక్క ముక్క కూడా ఎవరూ ముట్టుకోకూడదన్న పంతంతోనే అతను డైరెక్టరయ్యాడు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న సుబ్బన్న పెట్టుబడి పెట్టాడు.

రౌడీ వేషానికి ఊళ్లోనే ఏకాంబరం దొరికాడు, బీరువాలాంటి మనిషి. హీరో గుద్దాడు. ఏకాంబరం కదల్లేదు. హీరోయే మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు.

"పడాల కదప్పా!" అని అరిచాడు ఆదిమూలం.

"యాడ పడేది సార్? ఊర్లో భారతం ఆడతా ఉండాము. భీముడేషం నాది. కంకణం కట్టుకోని ఉండాను. దుర్యోధనుడు సచ్చేదాకా నేను కింద పడేదానికి లేదు."

షూటింగు చూస్తున్న జనంలోంచి వసంతమ్మ అనే ఆవిడ కొంగు బిగించి ముందుకొచ్చింది. "వానల కోసరం ఆడే భారతంలో భీముడే పడితే ఇంగ వానలు పడినట్టే! సదువుకున్నోడివి, ఆ మాత్రం తెలీదా అబ్బా?"

ఇంకో రౌడీ కోసం వెతుకుతుంటే వెంకటముని తనే వచ్చి నిలబడ్డాడు. "నేను దుర్యోధనుణ్ణి సార్. ఎట్లాగూ సచ్చేవాణ్ణే, పడతాను. అయితే భీముడు కొడితేనే. అదీ గదతో, తొడ మీదనే."

హీరోకు కొట్టే చెయ్యి ఎలాగూ లేదు. ఈ ఒక్క షాటే కదా అని ఆదిమూలం ఒప్పుకున్నాడు. గద వచ్చింది.

"ద్రౌపది లేకుండా దుర్యోధనుడు సచ్చేది యాడన్నా ఉండాదా?" అంది వసంతమ్మ. హీరోయిన్ జడ విప్పి కూర్చోబెట్టారు. హీరోను జనంలో నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారు. చేతికి కట్టు ఉండటంతో పాపం అదీ సరిగ్గా చేతకాలేదు.

సరిగ్గా అప్పుడే సుబ్బన్న కారు వచ్చి ఆగింది. భీముడు గద ఎత్తాడు, దుర్యోధనుడు ఊరు అదిరేలా అరిచి పడ్డాడు, ఆడవాళ్లు ఏడ్చారు, కుర్రాళ్లు ఈలలు వేశారు. సుబ్బన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఆదిమూలం, నువ్వు సెప్పిన కథలో ఇది లేదే?"

అబద్ధమాడటానికి ఆదిమూలానికి నోరు రాలేదు. "లేదు సార్."

"అందుకే ఇంత బాగుండాది!"

సినిమా చిత్తూరు జిల్లా అంతా విరగాడింది. పొగిడినవాళ్లందరూ ఆ ఒక్క సీనే పొగిడారు. ఆదిమూలానికి ఏడుపొచ్చింది, ఆనందం అనుకుని మరో నలుగురు దండలు వేశారు. సుబ్బన్న రెండో సినిమా కూడా అతనికే ఇచ్చాడు. "డైరెక్షన్ నీదే. కథ మాత్రం ఆ ఊరోళ్లనడిగి రాసుకో" అన్నాడు.

మరుసటి నెల, కథాచర్చల కోసం వడమాలపేట నుంచి మద్రాసుకు ఒక లారీ బయల్దేరింది.