గోడ దాటి వచ్చిన కాగితం

ఆ శనివారం పొద్దున దేవకుమార్ అనుకున్నది చిన్న పనే. పది గంటలకు ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం మొదలయ్యేలోగా ఫైర్‌వాల్ కట్టి, గని కంపెనీ ఆఫీసుకు వీపీఎన్ కలిపేయాలి. అతను ఆ కంపెనీలో లారీల వివరాలు రాసే గుమాస్తా. మేనేజరు వెంకటరామి ఖండితంగా చెప్పేశాడు: ఇంటినుంచే వివరాలు పంపగలిగితే ఇప్పుడున్న కుడతినిలోనే ఉండొచ్చు, లేదంటే సోమవారం నుంచి చోరనూరు గనిలో, రేకుల షెడ్డులో కాపురం. ఏడేళ్ళ కూతురు షెకైనాకు కుడతిని దుమ్ముకే దగ్గు ఆగదు. గని పక్కన ఆ పిల్ల ఏమైపోతుందోనని దేవకుమార్‌కు నెలరోజులుగా నిద్ర లేదు.

ఆఫీసువాళ్ళు పారేసిన పాత కంప్యూటరు, పాత ప్రింటరు తెచ్చి హాల్లో ఒక మూల పెట్టుకున్నాడు. వాటి మధ్య తీగలు లాగుతుంటే అత్త దీనమ్మ వచ్చి నిలబడింది.

"ఏంది నాయనా ఇది?"

"ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఎవరికీ కనపడని దారి అత్తా. ఈ డబ్బా ఆ దారికి కాపలా. బయట్నుంచి చీమ గూడా రాదు. సైతానుకైనా నా పర్మిషన్ కావల్ల."

"ప్రార్థన పూట వాని పేరు యాల ఎత్తుతావు?" అని దీనమ్మ కసిరింది.

వాళ్ళ చర్చి సంఘంలో మిషన్ దొరల కాలంనుంచీ ఒక ఆచారం ఉంది. ప్రార్థన కావలసినవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి బుట్టలో వేస్తారు. చీటీలో ఎవరి పేరుంటే వాళ్ళకోసం ప్రార్థించి, ఆ ఇంటికి కబురంపాలి. ఎందుకని అడగకూడదు.

పది గంటలకు వీపీఎన్ కలిసింది. దేవకుమార్ చేతులు దులుపుకుని వచ్చి కూటంలో కూర్చున్నాడు. బయట లారీల దుమ్ముకు ఎండ ఎర్రబడి, గోడలమీదా ముసుగులమీదా అదే రంగు పడుతోంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. అప్పుడు, ఎవరూ తాకని ప్రింటరు మూలిగింది. ఒక కాగితం మెల్లగా బయటికి జారి దీనమ్మ కాళ్ళదగ్గర పడింది. ప్రింటరు ఇంకోసారి గురగురమని ఆగిపోయింది.

దీనమ్మ దాన్ని తీసింది. కాగితం ఇంగ్లీషులో ఉండడంతో టీచరమ్మ అయిన కూతురు, దేవకుమార్ భార్య రెజీనా చేతికిచ్చింది.

"ఆంజినప్ప, సోమవారం. హనుమేష్, సోమవారం. మారన్న, సోమవారం." రెజీనా భర్తవైపు చూసింది. "దేవకుమార్... సోమవారం. వీళ్ళకు ముందుగా చెప్పవద్దు, అని ఉండాదమ్మా!"

షెకైనా పరిగెత్తుకొచ్చి తండ్రిని పట్టుకుంది. దీనమ్మ అల్లుడివైపు తిరిగింది. "నిజం చెప్పు నాయనా. ఇది బయట్నుంచి వచ్చిండాదా?"

దేవకుమార్‌కూ అదే అనుమానం వచ్చింది. కానీ వచ్చిందంటే కట్టిన గోడ వట్టిదని ఒప్పుకున్నట్టే. ఆ సంగతి మేనేజరుకు తెలిస్తే చోరనూరే.

"చాన్సే లేదు," అన్నాడు.

"అయితే పైనుంచి," అని దీనమ్మ తేల్చేసింది.

ఆచారం ప్రకారం కబురు వెళ్ళింది. పక్కింటి సిద్ధమ్మ లబోదిబోమంటూ గని లారీ నడిపే భర్త ఆంజినప్పకు ఫోన్ చేసింది. "పేరొచ్చేసిండాది! బండి యాడుంటే ఆడ నిలిపేయ్!" ఆంజినప్ప హనుమేష్‌కు చెప్పాడు, హనుమేష్ మారన్నకు చెప్పాడు. జాబితాలో పేరు లేని డ్రైవర్లు మరీ భయపడ్డారు. తమ పేరు రెండో పేజీలో ఉందేమోనని వాళ్ళూ బళ్ళు ఆపేశారు. మధ్యాహ్నానికి గని కొండనుంచి ఊరిదాకా లారీలు బారులు తీరాయి. రాత్రీ పగలూ మోగే రోడ్డు మూగపోయింది. కుక్కలు నడిరోడ్డుమీద పడుకున్నాయి. ఆ నిశ్శబ్దం చూసి నమ్మనివాళ్ళు కూడా నమ్మారు.

ఒళ్ళంతా ఎర్రమట్టితో ఆంజినప్ప వచ్చాడు. "దేవకుమారప్పా, మనం నలుగురం ఒగేసారి పోతామంటనా? ఎట్ల పోతామో ఏమన్నా రాసిండారా?"

"గమ్మునుండప్పా!" అన్నాడు దేవకుమార్. అతనికి ఏడుపొస్తోంది.

అంతలో మేనేజరు జీపు వచ్చి ఆగింది. "లారీలు యాల నిలిపినారప్పా? ఓనరు ఆఫీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోనుండాడు! జాబితా జాబితా అంటాండారంట, ఏం జాబితా అని నన్నడుగుతాండాడు!" అంటూ లోపలికొచ్చి, రెజీనా చేతిలోని కాగితం చూసి నోరు తెరిచాడు. "ఇది నేను పదిగంటలకు ప్రింట్ కొట్టింది! ఆడ రాకుండా ఈడికి ఎట్ల వచ్చె?"

దేవకుమార్ ప్రింటరు మూత తీశాడు. లోపల నలిగి ఇరుక్కున్న రెండో కాగితం దొరికింది: పై నలుగురూ చోరనూరు గనిలో పనికి చేరాలి. అప్పుడు అర్థమైంది. పారేసిన ప్రింటరు నెట్‌వర్క్ నంబరునే ఆఫీసువాళ్ళు కొత్తదానికీ ఇచ్చారు. దారి కలవగానే ఆఫీసు కాగితం ఈ ఇంటినే తన ఇల్లనుకుంది. అతను వాకిలి దగ్గర కాపలా పెట్టి, పెరటి తలుపు తానే తీసి పెట్టాడు.

"చోరనూరా?" ఆంజినప్ప కూలబడ్డాడు. "నేను సావుకని ధైర్యం తెచ్చుకుంటినే!"

దేవకుమార్‌కు మాత్రం కోపం నషాళానికంటింది. "సార్, లింకు కలిపితే పంపనంటిరి. కలిసిన నిమిషంలోనే నా పేరు కొడ్తిరా? నా బిడ్డ దగ్గు మీరు ఇనలేదా?"

"రూల్సప్పా, రూల్సు..." మేనేజరు నసిగాడు.

"ఆ కాగితం చింపేదాకా ఒగ బండీ కదల్దు సార్," అన్నాడు ఆంజినప్ప లేస్తూ.

అంతలో ప్రింటరు మళ్ళీ మూలిగింది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. మేనేజరు రెండడుగులు వేశాడు.

"సార్, మీరు ఈడ ఉండారు," అన్నాడు దేవకుమార్ మెల్లగా. "ఆడ ఎవరు కొడ్తాండారు?"

కాగితం జారింది. రెజీనా తీసి చదివింది. లారీలను ఆపించిన పాత జాబితా రద్దు. సోమవారం చోరనూరులో చేరవలసింది ఒక్కరే, మేనేజరు వెంకటరామి. కింద ఓనరు పేరు.

దీనమ్మ ముసుగు సర్దుకుంది. "రాండమ్మా, కూర్చోండి. సార్ కోసం కండ్లు మూసుకోండి."

మేనేజరు అందరికంటే ముందు మూసుకున్నాడు.