తుమ్మితే వచ్చిన మునిసిపాలిటీ

డ్రాయింగు మాస్టారు ఆ రోజు పొద్దున్నే లేచి తలకు తువ్వాలు చుట్టుకున్నారు. సాయంత్రం బస్సుకు భార్య వస్తోంది. చెల్లెలి కాలు బెణికిందంటే చూసొస్తానని రెండు చీరలు సర్దుకుని వెళ్లిన మనిషి, మహమ్మారి పుణ్యమా అని బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయింది. వెళ్లినప్పుడు ఎండలు మండిపోతున్నాయి, ఇప్పుడు వానలు దంచుతున్నాయి. చెల్లెలి కాలు ఎప్పుడో నయమైంది. ఇన్నాళ్లూ మాస్టారు తనంతట తానే వండుకుని, తనంతట తానే మాడ్చుకుని, ఎవరి మీదా విసుక్కోవడానికి వీల్లేక నోరు మూసుకుని తిన్నారు.

ఇల్లు దాదాపు సిద్ధమైంది. గిన్నెలు మెరుస్తున్నాయి, దుప్పట్లు ఆరాయి, పూలకుండీలకు జేగురు పూశారు. అటక దులపడం ఒకటి మిగిలింది. ఇంకొకటి కూడా మిగిలింది గానీ, దాని గురించి తలుచుకుంటేనే మాస్టారి గుండెల్లో రాయి పడుతోంది. అది గేటు ముందు మురిక్కాలువ మీద ఉండాల్సిన సిమెంటు పలక.

ఆ పలక విరిగి చాలా కాలమైంది. భార్య వెళ్తూ వెళ్తూ, "ఏమండీ, మునిసిపాలిటీ వాళ్లకి చెప్పి అది వేయించండి, ఎవరో ఒకరు అందులో పడతారు" అని మరీ మరీ చెప్పింది. మాస్టారు అలాగేనన్నారు, మర్చిపోయారు. ఇంతలో ఊరు మూతపడింది. తర్వాత ఒకరోజు ఆమె ఫోన్‌లో అడిగితే, ఉన్న దిగులు చాలదన్నట్టు ఇదొకటా అనుకుని, "ఓ, వేసేశారుగా" అనేశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆయన డ్రాయింగు మాస్టారు. గీత గీశాక రంగు వేయకుండా ఊరుకోలేరు. పలక అద్దంలా ఉందన్నారు. మర్నాడు అంచులు గుండ్రంగా చెక్కారన్నారు. ఇంకోరోజు ఆ చల్లదనానికి ఒక తెల్లపిల్లి వచ్చి దానిమీద పడుకుంటోందన్నారు. ఆమె ఆసక్తిగా వింటోంది కదాని ఆ పిల్లికి పిల్లల్ని కూడా పుట్టించారు. ఇప్పుడు ఆమె వస్తోంది. పలకా లేదు, పిల్లీ లేదు. ఉన్నదల్లా నోరు తెరుచుకున్న గొయ్యి, దాన్నిండా పూడుకుపోయిన బురద.

అటక మీద ఒక చేత్తో దులుపుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, మాస్టారు మునిసిపాలిటీ హెల్ప్‌లైనుకు కాల్ చేశారు.

"చెప్పండి సార్. జ్వరమా, దగ్గా, ఆయాసమా?" అంది ఒక అమ్మాయి.

"మురిక్కాలువమ్మా."

"అది లక్షణాల్లో లేదు సార్."

"లక్షణం కాదు తల్లీ, గేటు ముందు పలక విరిగిపోయింది. సాయంత్రంలోగా ఎవరినైనా పంపితే పుణ్యముంటుంది."

"ఎవర్ని పంపమంటారు సార్? అందర్నీ ఈ డ్యూటీకే వేశారు. డ్రైనేజీ వాళ్లు మందు కొడుతున్నారు. ఇంటిపన్ను వాళ్లు స్టిక్కర్లు అంటిస్తున్నారు. పార్కుల సూపర్‌వైజరు గారు వీధులకి కర్రలు కట్టిస్తున్నారు. నేను జనన మరణాల సెక్షన్ సార్, ఇక్కడ కూర్చుని ఫోన్లెత్తుతున్నాను. మా పాపని సరిగ్గా చూసుకునే తీరిక కూడా లేదు."

"అయ్యో, పాపం" అన్నారు మాస్టారు. నిజంగానే జాలిపడ్డారు. అలా జాలిపడుతుండగా అటక మీది దుమ్మంతా ముక్కులోకి వెళ్లి, బ్రహ్మాండంగా తుమ్మారు.

అవతల గొంతు ఒక్కసారిగా చురుకైంది. "తుమ్మారా సార్?"

"దుమ్మమ్మా! అటక దులుపుతున్నాను."

"అందరూ ఏదో ఒకటి అంటారు సార్, భయపడకండి. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేనొక్కణ్నే."

"ఒక్కరే ఉన్నారా! ఉండండి సార్, ఇప్పుడే టీమ్‌ని పంపిస్తాను. అందులో ఇద్దరు డ్రైనేజీ వాళ్లున్నారు, మందు వాళ్లే కొడతారు."

వద్దమ్మా అందామని మాస్టారు నోరు తెరిచారు. డ్రైనేజీ వాళ్లన్న మాట చెవిన పడగానే ఆ నోరు అలాగే మూసుకున్నారు. గుమ్మం దాకా వచ్చినవాళ్లు గొయ్యి చూడకుండా పోతారా? చూశాక వేయకుండా పోతారా? ఆయన ఇంకోసారి తుమ్మారు. ఆ రెండో తుమ్ము నిజమైనదా కాదా అన్నది ఆయనకూ ఆయన మనస్సాక్షికీ మధ్య విషయం.

ఆయన తల మీది దుమ్ము దులుపుకునేలోపే వ్యాను వచ్చి ఆగింది. ఎప్పుడు పిలిచినా రాని మునిసిపాలిటీ ఇంత వేగంగా రావడం చూసి మాస్టారికి కళ్లు చెమర్చాయి. ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు దిగాడు, వెనక వీపున మందు డబ్బాలతో ఇద్దరు.

"రండి రండి. వీళ్లు డ్రైనేజీ వాళ్లేగా? ఒక్కసారి ఆ గొయ్యి చూస్తే..."

"డ్రైనేజీ వాళ్లేనండీ. కానీ ఇప్పుడు డ్రైనేజీలో లేరు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ ఇద్దరిలో పెద్దవాడు ఆగి, పూడుకుపోయిన కాలువ వైపు సొంతూరిని చూసినట్టు చూసి, నిట్టూర్చి లోపలికి నడిచాడు.

వాళ్లు గోడలకు కొట్టారు, మంచాలకు కొట్టారు, మెరుస్తున్న గిన్నెలకు కొట్టారు, జేగురు పూసిన కుండీలకు కొట్టారు. ఆ ఘాటుకు మాస్టారు ఉక్కిరిబిక్కిరై దగ్గారు.

"దగ్గు కూడా ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆ వెంటనే తనూ ఖళ్లుఖళ్లున దగ్గుతూ. "నాది మాత్రం మందు వల్ల."

ఇంకో వ్యాను వచ్చింది. అందులోంచి దిగిన నర్సు మాస్టారి ముక్కులోకి పుల్ల పెట్టి, మెదడు దాకా తడిమి తీసుకెళ్లింది. గేటుకు ఎర్ర స్టిక్కరు పడింది. అప్పటికి గానీ మాస్టారికి విషయం బోధపడలేదు.

"ఫలితం వచ్చేదాకా ఇది జోన్ అండీ. లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు లోపలికి పోకూడదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బాబోయ్, సాయంత్రం మా ఆవిడ వస్తోందండీ! ఇన్నాళ్లకి వస్తోంది!"

"రానివ్వండి. స్కూల్లో సెంటర్ పెట్టాం, అక్కడ ఉంచుతాం. చాప కూడా ఇస్తాం."

"ఎన్నాళ్లు?"

"ఫలితం రేపు వస్తుంది. రేపంటే మరీ రేపే కాదులెండి, రద్దీగా ఉంది."

మాస్టారు మెట్ల మీద చతికిలబడ్డారు. పలక సంగతి పక్కన పెట్టండి. మనిషి ఇంటి గుమ్మం దాకా వచ్చి, మొహం చూడకుండా, బడిలో చాప మీద పడుకోవాలా? తన ఒక్క తుమ్ముకి? సరే, రెండు తుమ్ములకి?

అంతలో పార్కుల సూపర్‌వైజరు మనుషులు కర్రలతో దిగారు. గేటుకు అడ్డంగా కర్ర కట్టాలంటే ముందు నిలువు కర్ర పాతాలి. ఎక్కడ పాతాలా అని ఒకడు అటూ ఇటూ చూసి, మొహం చేటంత చేసుకుని, "ఒరేయ్, ఇక్కడ గొయ్యి రెడీగా ఉందిరా!" అని కేక వేశాడు. మాస్టారు వద్దు వద్దంటుండగానే ఆ విరిగిన పలక సందులో దుంగలాంటి కర్ర దించి, చుట్టూ రాళ్లు కూరి, గట్టిగా దిమ్మిస కొట్టారు. అంతవరకూ కాస్తో కూస్తో పారుతున్న కాలువ ఆ దెబ్బకు పూర్తిగా ఆగింది. నీళ్లు ఒకసారి ఆలోచించి, వీధిలోకి బయల్దేరాయి.

పక్కింటి మేడ మీద రిటైర్డు లైన్‌మన్ ఇదంతా చూస్తున్నాడు. మంచి మనిషి. మాస్టారిని బావగారూ అని పిలుస్తాడు, చుట్టం కాకపోయినా. ఆయనతో చిక్కల్లా, ఏ కబురైనా ఆయన చేతిలో పడితే కరెంటులా పాకుతుంది.

"బావగారూ! మీరేం దిగులు పడకండి! మేమున్నాం!" అని అరుస్తూ, ఒక మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని, తాడుకు టీ ఫ్లాస్కు కట్టి గోడ మీదుగా దించాడు. ఆ వెంటనే వీధిలో అందరికీ ఫోన్లు చేశాడు. మధ్యాహ్నానికి తుమ్ము జ్వరమైంది. కాసేపటికి జ్వరం ఆయాసమైంది. తాళ్ల మీద రొట్టెలు, పళ్లు, కషాయాలు దిగసాగాయి. ఒకావిడ గోడవతల నిలబడి, "మాస్టారు ఎంత మంచివారో" అని ముక్కు చీదింది. అంతలో తన చీదుడుకు తనే భయపడి పరుగున ఇంట్లోకి పోయింది.

ఆ తర్వాత మైకు ఆటో వచ్చింది. "ప్రజలకు విజ్ఞప్తి! డ్రాయింగు మాస్టారి ఇంటి వైపు ఎవరూ వెళ్లరాదు!" సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమండీ, బస్సు సగం దూరం వచ్చేసింది. ఏమిటా మైకు? డ్రాయింగు మాస్టారు అంటున్నాడేమిటి?"

"అదా... డ్రాయింగు పోటీలట."

"ఈ రోజుల్లో పోటీలా?"

"ఆన్‌లైన్లో."

"ఆన్‌లైన్ పోటీలకి మైకెందుకండీ?"

మాస్టారు దేనికైనా రంగు వేయగలరు గానీ దీనికి వేయలేకపోయారు. అవతల ఆమె, "సరేలెండి. పిల్లిపిల్లలు బాగున్నాయా?" అని అడిగింది.

"ఆడుకుంటున్నాయి" అన్నారు మాస్టారు, ఏడుపుగొంతుతో.

సాయంత్రం ఆమె ఎక్కిన ఆటో వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఆమె రెండు సంచులతో, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మురికినీళ్లలో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. ఒకే బళ్లో ఆయన బొమ్మలు నేర్పితే ఆమె లెక్కలు నేర్పింది. ఏ విషయమైనా ముందు చూసి, తర్వాత కూడి, ఆ పైన మాట్లాడడం ఆమెకు అలవాటు. కర్రను చూసింది. కర్ర దిగిన గొయ్యిని చూసింది. కర్ర వెనక గేటు పట్టుకుని నిలబడ్డ మొగుణ్ని చూసింది. మేడ మీద లైన్‌మన్ పిట్టగోడ మీదికి వంగాడు.

"ఇదేనా అద్దం?" అంది.

మాస్టారు తల దించుకున్నారు. "వేయించలేదే. మర్చిపోయాను. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. నువ్వు లేకపోతే నాకు ఏదీ గుర్తుండటంలేదు, ఏదీ రుచించటంలేదు. నువ్వొచ్చేలోగా వేయిద్దామనే ఈ గోలంతా. జ్వరం లేదు, ఏమీ లేదు, తుమ్మానంతే. ఇప్పుడు నిన్ను బడికి పంపిస్తారట."

"పలక వేయలేదని నాకెప్పుడో తెలుసు. మీరు వేసేశారన్న వారానికే పక్కింటి వదిన చెప్పింది."

"తెలిసి కూడా అడిగేదానివా? రోజూ?"

"ఆ నాలుగు గోడల మధ్య నాకు నవ్వొచ్చే మాట ఇంకేముందండీ? పిల్లికి పిల్లలు పుట్టాయన్న రోజు మా చెల్లీ నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. రేపేం చెప్తారో అని ఎదురుచూస్తూ రోజులు గడిపేశాను." మాస్కు పైన ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

కాపలా ఉన్న హోంగార్డు కుర్చీలోంచి లేచాడు. "అమ్మా, ఇక్కడ నిలబడకూడదు. సెంటర్‌కి పదండి."

"వస్తాను బాబూ. ముందు రూలేమిటో చెప్పు."

"పేషెంటుతో కాంటాక్టు ఉన్నవాళ్లు లోపల ఉండాలి. లేనివాళ్లు బయట ఉండాలి."

"నాకీయనతో పెళ్లైన దగ్గర్నుంచీ కాంటాక్టే."

"ఈ మధ్య ఉందా అమ్మా?"

"రోజూ ఫోన్లో మాట్లాడుకుంటాం."

"ఫోను చెల్లదమ్మా" అన్నాడు హోంగార్డు, పాపం, నిజంగానే బాధపడుతూ.

"అలాగా" అని ఆమె సంచులు కింద పెట్టింది. కర్రల సందులోంచి చెయ్యి చాపి, గేటు మీదున్న మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు?"

హోంగార్డు నోట్లోంచి ఈల జారి నీళ్లలో పడింది. అటు చూశాడు, ఇటు చూశాడు. ఈవిడను బయట వదిలితే తన ఉద్యోగానికే ముప్పు. "లోపలికి నడవండమ్మా, తొందరగా!" అని అడ్డకర్ర ఎత్తిపట్టుకున్నాడు. ఆమె వంగి లోపలికి వచ్చింది. మేడ మీద లైన్‌మన్ చప్పట్లు కొట్టి, వెంటనే చేతులకు శానిటైజరు రాసుకున్నాడు. మాస్టారు పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

ఆమె రెండో చేత్తోనే ఫోన్ తీసింది. "హెల్ప్‌లైనా అమ్మా? జ్వరం కాదు, దగ్గు కాదు. జోన్లో ఉన్న నీళ్లు అనుమతి లేకుండా జోన్ దాటి వీధిలోకి పోతున్నాయి. మెయిన్ రోడ్డు మీద కమిషనర్ గారి ఆఫీసు వైపు తిరిగాయి."

అవతలి నుంచి కెవ్వుమన్న కేక మాస్టారికి కూడా వినిపించింది. చీకటి పడకముందే లారీ, పంపు, కొత్త సిమెంటు పలకా వచ్చాయి. పొద్దున మందు కొట్టిన పెద్దాయన వీపు మీది డబ్బా విసిరేసినట్టు కింద పెట్టి, ఆనందంగా కాలువలోకి దిగాడు. కర్ర తీసే అధికారం తమకు లేదని, అది పార్కుల సెక్షన్ సొత్తని చెప్పి, డ్రైనేజీ వాళ్లు కర్ర చుట్టూ ఉన్న రాళ్లు తీసి, పలకకు దాని మందాన గుండ్రటి బెజ్జం చేసి, కర్రకు పూసలా తొడిగి వెళ్లారు. పలక మాత్రం నున్నగా ఉంది. అంచులు కూడా గుండ్రంగానే ఉన్నాయి.

ఫలితం వచ్చింది. మాస్టారికి ఏ జబ్బూ లేదు. స్టిక్కరు ఊడింది. పార్కుల వాళ్లు వచ్చి, ఎంతో జాగ్రత్తగా తమ కర్ర తాము పీక్కుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. గుమ్మం ముందు అద్దంలాంటి పలక, దాని నడిమధ్యన మనిషి కాలు సరిగ్గా దిగేంత గుండ్రటి బెజ్జం మిగిలాయి.

ఆమె ఆ బెజ్జాన్ని చూసింది. మనసులో ఏదో లెక్క కూడుకుంది. లోపలికి వెళ్లి ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో దుమ్ము దులిపే గుడ్డ తెచ్చి మొగుడి ముందు నిలబడింది.

మాస్టారు తలకు తువ్వాలు చుట్టుకుని అటకెక్కారు.