నెడ్రా చూడని ఉల్లంకి

"రేపు ఆ గుట్ట మీద పిడుగు పడుతుంది. ఆరుగురిలో ఒకరికైనా తగులుతుంది. నా మాట రాసి పెట్టుకో," అంది నెడ్రా, పొయ్యిలోంచి ఆపిల్ పై బయటికి తీస్తూ.

కూతురు కొరీన్ వంటింటి గుమ్మంలో నిలబడి దుర్భిణి అద్దాలు తుడుచుకుంటోంది. "ఆదివారం ఏదో విషప్పురుగు అన్నావు. సోమవారం ఎండదెబ్బ అన్నావు. పొద్దున ఎలుగుబంటి అన్నావు."

"పురుగు కుట్టింది కదా."

"అది దోమమ్మా."

"ఏదైనా దోమతోనే మొదలవుతుంది."

కొరీన్ నవ్వి మళ్ళీ అద్దాలు తుడుచుకుంది. పొద్దున్నే వేసుకున్న పథకం ఆమెది. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి అతిథులు ఆరుగురినీ ట్రక్కులో పై మేతభూమి దాకా తీసుకెళ్ళాలి. అక్కణ్ణుంచి గుట్టెక్కుతూ రెండు గంటలు నడిస్తే జూలైలో కూడా కరగని మంచుగడ్డ వస్తుంది. ఆ మంచు అంచున పురుగులేరుకుని తినే నల్ల గులాబిపిట్టని చూపించి, మబ్బులు కూడకముందే పదకొండింటికల్లా దించెయ్యాలి. వయోమింగ్‌లో ఆ గుట్ట కింద వాళ్ళకి పద్దెనిమిది వేల ఎకరాల పశువుల రాంచ్ ఉంది. అక్కడికి అతిథులొచ్చేది ఆ పిట్ట కోసమే.

కొరీన్ సొంతంగా గైడుగా ఉండడం ఇదే మొదటి వారం. ఏడేళ్ళు ఇంకొకళ్ళ వెనకాల సంచులు మోసి నేర్చుకుంది. ఈ ఆరుగురూ మెచ్చుకుని ఇంటికెళితే, వాళ్ళని పంపించిన పిట్టల సంఘం ప్రతి వేసవికీ కొత్తవాళ్ళని పంపిస్తానంది. పిట్టలు చూసేవాళ్ళ లోకంలో సర్టిఫికెట్లు చెల్లవు, మాట చెల్లుతుంది. గైడు చూశానంటే చూసినట్టు, లేదంటే లేనట్టు. ఆ మాటకి ఒకసారి మచ్చ పడితే మళ్ళీ ఎవరూ రారు.

ఇదంతా నెడ్రాకి తెలుసు. కానీ రెండేళ్ళ కిందట అదే గుట్ట మీద, ఒకే కంచెని ఆనుకుని నిలబడ్డ నాలుగు ఆవుల్ని ఒకే పిడుగు పడగొట్టిన సంగతి కూడా ఆమెకి తెలుసు. పేరు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, పిల్లని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాం? అందుకని కొరీన్ అటు తిరగ్గానే కిటికీ గూట్లో ఉన్న పిట్టల పుస్తకం తీసింది. మొదటి పేజీలన్నీ వేలిముద్రలతో నలిగి ఉన్నాయి. అవి అందరూ చూసేసిన పిట్టలన్నమాట. చివరి పేజీలు కొత్త పెళ్ళికూతురి చీరలా మడత నలగకుండా ఉన్నాయి. అందులో నీళ్ళ అంచున బురదలో తిరిగే ఒక చిన్న ఉల్లంకి పిట్ట బొమ్మ ఆమెకి నచ్చింది. పుస్తకంలో ఉందంటే ఎక్కడో ఒకచోట ఉండే పిట్టే కదా అనుకుంది.

భోజనాలయ్యాక రోజూలాగే కొరీన్ ఆనాటి పిట్టల జాబితా చదివింది. ఒక్కో పేరు చదువుతుంటే చూసినవాళ్ళు "చూశాం" అన్నారు. చివర్న "ఇంకేమైనా?" అంది.

"నేనొకటి చూశాను," అంది నెడ్రా, ఆపిల్ పై ముక్కలు వడ్డిస్తూ. "దిగువ కుంట దగ్గర. ఉల్లంకిలాగే ఉంది కానీ మామూలుది కాదు."

అతిథుల్లో లండ్ అనే ఆయన తలెత్తారు. మినెసోటా మనిషి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ భూములు కొలిచారు. వచ్చి నాలుగు రోజులైనా "ఉప్పు ఇలా ఇవ్వండి" తప్ప రెండో మాట ఎవరూ వినలేదు.

"కాళ్ళు?" అన్నారాయన.

"పసుపు."

"ముక్కు?"

"గోనెసంచులు కుట్టే దబ్బనంలా పైకి వంగి ఉంది."

"తోక?"

తోక సంగతి బొమ్మలో లేదు. నెడ్రా ఒక్క క్షణం తడబడింది. "ఊపుతూనే ఉంది. చలికేమో."

లండ్ గారు ఫోర్కు కింద పెట్టేశారు. కొరీన్ కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా, నిజంగా నువ్వు చూశావా?"

"చూశానంటున్నాగా."

కొరీన్ తల్లి మొహంలోకి కాసేపు చూసింది. "సరే. రేపు గుట్ట వద్దు. తెల్లారేసరికి అందరం కుంట దగ్గరుందాం."

ఆ వారంలో మొదటిసారి నెడ్రా గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. లండ్ గారు తన ఆపిల్ పై ముక్క ముట్టుకోకుండా, పాక వెనకున్న గడ్డివామెక్కి, రాంచ్ మొత్తానికి ఫోను పలికే ఆ ఒక్క చోట నిలబడి సంగతి లోకానికి చాటారని ఆమెకి తెలియదు.

పొద్దున ఐదింటికి గేటు తియ్యడానికి వెళ్ళిన ఆమె భర్త క్లైడ్ వెంటనే వెనక్కి వచ్చాడు. "ఎవరు పోయారు?" అని అడిగాడు.

"ఎవరూ పోలేదే."

"గేటు బయట ముప్పై ఒక్క కార్లున్నాయి. ఈ రోడ్డు మీద అన్ని కార్లు మా నాన్న పోయినప్పుడే చూశాను."

కొరీన్ ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని పరుగున వచ్చింది. "అమ్మా, అది సైబీరియా పిట్ట. మన రాష్ట్రంలో ఇంతవరకూ ఎవరికీ కనపడలేదు. కొలరాడో నుంచి రాత్రంతా కార్లు తోలుకుంటూ వచ్చారు."

"పుస్తకంలో ఉంది కదా మరి," అంది నెడ్రా నీరసంగా.

"దారి తప్పి వస్తే తప్ప కనపడనివి కూడా వేస్తారు. అవి చివరి పేజీలు."

నెడ్రా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "సైబీరియా అంటే బాగా దూరమా?"

"రష్యాలోనమ్మా."

ఆరింటికల్లా కుంట చుట్టూ అరవై మంది చేరారు. మూడుకాళ్ళ దుర్భిణులు బారులు తీరాయి. మాట్లాడితే పిట్ట బెదురుతుందని అందరూ గుసగుసలే. పొద్దుటి నీళ్ళకి వచ్చిన ఆవులు ఎదురు వాలు మీదే ఆగిపోయి, ఈ జనాన్ని వింతగా చూస్తూ నిలబడ్డాయి.

"ఆవులు వీళ్ళని చూస్తున్నాయి, వీళ్ళు నీళ్ళని చూస్తున్నారు," అన్నాడు క్లైడ్. "ఎవరి దాహమూ తీరేలా లేదు."

ఏడున్నరకి ఎనిమిది మైళ్ళ అవతలుండే వాండా ట్రక్కు దిగింది. నల్ల గౌను వేసుకుని, చేతుల్లో మూతపెట్టిన పెద్ద పళ్ళెంతో వసారా మెట్లెక్కి, అక్కడ కాఫీ తాగుతున్న క్లైడ్‌ని చూసి ఆగిపోయింది.

"నువ్వు పోలేదా?"

"ఇంకా లేదు."

"మా ఇంటి ముందునుంచి అన్ని కార్లు ఇటే వస్తుంటే నువ్వే అనుకున్నాను. బయల్దేరేముందు అందరికీ ఫోన్లు కూడా చేశాను."

"ఆ పళ్ళెంలో ఏమిటి?"

"చీజ్ బంగాళాదుంపలు. చావింటికి ఇంకేం తెస్తారు?"

"ఇటు పెట్టు. వేడి చల్లారకముందే నా పేరు చెప్పుకుని నేనే తింటాను."

వాండా పళ్ళెం బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది. "ఇంకో పళ్ళెం పొయ్యిలో పెట్టొచ్చానోయ్. కాస్త ఆలోచించి బతికుండాల్సింది."

తొమ్మిదింటికల్లా బంగాళాదుంపల పళ్ళేలు ఐదు, పంది తొడలు రెండు, లెక్కలేనన్ని పైలు చేరాయి. ప్రార్థన పుస్తకం చంకన పెట్టుకుని పాస్టర్ గారు కూడా వచ్చారు. బతికే ఉన్న క్లైడ్‌తో కరచాలనం చేసి, ఒక పళ్ళెం అందుకున్నారు. నెడ్రా అన్నింటినీ ట్రక్కు వెనక పరిచింది. పిట్ట కోసం వచ్చినవాళ్ళు తింటూ, ఈ రాంచ్ వాళ్ళ మర్యాద ఎక్కడా చూడలేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

వాళ్ళందరిలో నెడ్రాకి వణుకు పుట్టించిన మనిషి ఒక్కరే. ఆవిడ పేరు బెర్నీస్ ఓల్డ్‌హామ్. డెబ్భై ఎనిమిదేళ్ళు, పిడికెడు మనిషి. రాష్ట్రంలో ఎక్కడ అరుదైన పిట్ట కనపడినా అది నిజమో కాదో తేల్చే కమిటీకి పెద్ద. ఒకసారి సొంత మొగుడు చూసిన డేగనే ఒప్పుకోలేదని చెప్పుకుంటారు. ఆవిడ ఒక నోటుపుస్తకంలో నిలువుగీత గీసి, ఎడమవైపు "చూశాను", కుడివైపు "చూడలేదు" అని రాసి, అడిగి అడిగి సంతకాలు తీసుకుంటోంది.

మొదటి సంతకం లండ్ గారిది. "ఆరు గంటల పది నిమిషాలకి," అన్నారు. వెంటనే కొలరాడో దంపతులు తామూ ఆ సమయంలోనే చూశామన్నారు. వాళ్ళ పక్కనున్నాయన ఆ మాట విని చూశానన్నాడు. పదయ్యేసరికి పదకొండు మంది చూశారు. మిగతావాళ్ళు కుడివైపు సంతకం పెట్టడానికి మనసొప్పక "ఇంకా చూస్తున్నాం" అంటున్నారు.

నెడ్రాకి మతిపోయింది. కొరీన్ దగ్గర దుర్భిణి అడిగి తీసుకుని రెల్లుగడ్డి వైపు పెట్టింది. నలభై ఏళ్ళుగా ఆవుల్ని తోలుకొస్తున్న కుంట అది. అందులో ఇంత రాకపోకలున్నాయని ఆమెకి ఎప్పుడూ తెలియదు. భుజాల మీద ఎర్రమచ్చలున్న నల్లపిట్ట ఒకటి ఊగే రెల్లుని పట్టుకుని ఎవరినో తిడుతోంది. బాతొకటి ఎనిమిది పిల్లల్ని వెంటేసుకుని పోతోంది. ఎనిమిదోది ప్రతిసారీ వెనకబడి మళ్ళీ నీళ్ళ మీద పరుగెత్తి కలుస్తోంది. దాన్ని చూసి నెడ్రాకి దిగులేసింది. తేరుకుని, బురద అంచు వెంట ఉల్లంకిని వెతకడం మొదలుపెట్టింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు చూశారంటే ఎక్కడో ఉండే ఉంటుంది. ఏమో, నిన్న తను చూసే ఉండొచ్చు. ఒక్క క్షణం ఆమెకి తన అబద్ధం మీద తనకే నమ్మకం కుదిరింది.

అప్పుడే వెనకనుంచి మాటలు వినపడ్డాయి.

"మీరు చూశారా?" కొలరాడో ఆయన కొరీన్‌ని అడుగుతున్నాడు.

"లేదండీ."

"గైడు మీరే కదూ?"

"నేనే. చూసింది మా అమ్మ. మా అమ్మ చూశానంటే చూసినట్టే."

ఆయన అవతలికి వెళ్ళి భార్యతో మెల్లిగా అన్నాడు. "పదకొండు మందికి కనపడింది, గైడుకి కనపడలేదట. ఈ పిల్లని నమ్ముకుని ఎవరొస్తారు?" ఆ మాట విన్న అతిథి ఒకావిడ, సంఘానికి ఏమని ఉత్తరం రాయాలా అని పక్కావిడతో తర్జనభర్జన పడుతోంది.

నెడ్రా దుర్భిణి దించింది. పిట్ట ఉందంటే పిల్ల చేతకాని గైడు. లేదంటే అబద్ధాలకోరు తల్లికి కూతురు. తప్పించుకునే దారి కోసం ఆకాశం వైపు చూసింది. ఒక మబ్బైనా కమ్మితే, ఒక ఉరుమైనా ఉరిమితే జనం చెదిరిపోతారు. ఆ నెల మొత్తంలో అంత శుభ్రమైన ఆకాశం లేదు. గుట్ట, మంచుగడ్డ, దాని పైనున్న రాళ్ళు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మధ్యాహ్నం బెర్నీస్ గారు గడ్డిమోపు మీద కూర్చుని నెడ్రాని పిలిచింది. పళ్ళేలు పట్టుకుని జనమంతా చుట్టూ మూగారు. "మొదట చూసింది మీరు. మొదట్నుంచీ చెప్పండి," అంటూ ఆవిడ పెన్సిలు తీసింది.

నెడ్రా కొరీన్ వైపు చూసింది. కొరీన్ తల ఎత్తుకునే నిలబడి ఉంది. తల్లి మీద అంత ధీమా.

"నేను చూడలేదు," అంది నెడ్రా. "పుస్తకంలో చూశాను. గుట్టెక్కితే పిడుగు పడుతుందని భయమేసి, వీళ్ళని ఇక్కడే ఆపడానికి చెప్పాను. సైబీరియాదని తెలిస్తే ఇంకో పేజీ చూసుకునేదాన్ని. మా అమ్మాయికి ఇందులో ఏమీ తెలియదు. అనేదేదో నన్ను అనండి."

అరవై ఫోర్కులు ఒక్కసారి ఆగాయి. కొరీన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా," అంది చాలా నెమ్మదిగా.

"ఊ."

"రేపు నాలుగున్నరకి గుట్టెక్కుతున్నాం. నువ్వూ వస్తున్నావు."

"నేనా? నా మోకాళ్ళు..."

"నువ్వే."

బెర్నీస్ గారు మాత్రం ఏమీ రాసుకోలేదు. నోటుపుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పి, పెన్సిలు మొనతో పేర్లు లెక్కపెట్టింది. "ఎడమవైపు పదకొండు పేర్లు. కుడివైపు ఒక్కటి. పొద్దున్నించి అరవై మందిలో చూడలేదని ధైర్యంగా సంతకం పెట్టింది ఈ గైడు ఒక్కతే." కొరీన్ వైపు తిరిగింది. "అమ్మాయీ, వచ్చే వేసవికి మా కమిటీ వాళ్ళం పదిమందిమి వస్తాం. మమ్మల్ని ఆ గుట్టెక్కించు. గులాబిపిట్ట కనపడకపోతే ఇలాగే కనపడలేదని చెప్పు."

ఉత్తరం సంగతి మాట్లాడుకున్న అతిథులిద్దరూ, తాము కూడా గైడుని మొదట్నుంచీ మెచ్చుకుంటూనే ఉన్నట్టు తలలూపారు.

తర్వాత బెర్నీస్ గారు కళ్ళజోడు సర్దుకుని ఆ పదకొండు మంది వైపు చూసింది. "పిట్ట లేదు. మరి మీరంతా చూసిందేమిటి?"

పదకొండు మందీ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. కొలరాడో దంపతులు ఒకరి బూట్లు ఒకరు చూసుకున్నారు. ఒకాయన పళ్ళెంలో బంగాళాదుంప ముక్కని అటు తిప్పి ఇటు తిప్పి పరీక్షించాడు. పాస్టర్ గారు ఎందుకైనా మంచిదని ప్రార్థన పుస్తకం తెరిచి మళ్ళీ మూశారు. ఆవులు ఒక్కొక్కటే వాలు దిగి, జనాన్ని పట్టించుకోవడం మానేసి, నీళ్ళు తాగి, తిరిగి వెళ్ళిపోయాయి. బెర్నీస్ గారి పెన్సిలు అలాగే కాగితం మీద ఆగి ఉంది.

చివరికి లండ్ గారు జేబురుమాలుతో మూతి తుడుచుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి, జవాబు చెప్పారు.

"మేం చూసినప్పుడు అది అటు తిరిగి ఉందండీ."