భీమరాజుగారి పుచ్చుపన్ను

సోమవారం పొద్దున్న భీమరాజుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పుచ్చుపన్ను పీకించుకోవడం, పెరుగన్నం తినడం, ఎండ తగ్గాక ఆరుగురు కౌన్సిలర్ల ఇళ్లకు వెళ్లి శనివారం సంగతి గుర్తుచెయ్యడం. శనివారం లాకులపేట మునిసిపాలిటీ ఛైర్మన్ ఎన్నిక. అంతవరకూ ఛైర్మన్ను కలెక్టరు దొర వేసేవాడు. ఆ ఏడు, అంటే 1892లో, పన్నెండుమంది కౌన్సిలర్లూ తమలో ఒకరిని తామే ఎన్నుకోవచ్చని ఆర్డరు వచ్చింది. పదకొండేళ్లుగా కౌన్సిలరుగా ఉన్న భీమరాజుగారికి ఆ కుర్చీ కలలోకి కూడా వస్తోంది.

భీమరాజుగారు పిరికివారేం కాదు. గోదావరి వరదలో పడవ మీద ఒంటరిగా వెళ్లి పశువుల్ని తోలుకొచ్చిన మనిషి. కానీ నలుగురూ ఏమనుకుంటారో అనేసరికి ఆయన వెనక్కి తగ్గిపోతారు. ఆరేళ్ల కిందట వైస్ ఛైర్మన్ పదవి చేతికందితే, వీధిదీపాల కాంట్రాక్టు బావమరిదికి ఇప్పిస్తాడని ఎవరో అన్నారని వదులుకున్నారు. ఆయనకు బావమరిదే లేడు.

ఎన్నికలో రెండో మనిషి ధాన్యం వర్తకుడు వెంకన్నగారు. ఆయన ఎవరిమీదా నింద వెయ్యరు. ఎవరైనా వేసిన నింద విని, "అయ్యో, అలాంటి పెద్దమనిషికి ఎంత మాటొచ్చింది" అని జాలిపడతారు. ఆయన పొద్దున్న జాలిపడితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

ఊళ్లో పన్ను పీకే పట్టకారు ఒకే ఒక చోట ఉంది. అది కాలవ అవతల మిషన్ ఆస్పత్రి. అక్కడ కాంపౌండరు లాజరు భీమరాజుగారి వాచిన దవడను చూసి చాప చూపించాడు.

"కూచోండయ్యగారూ. ముందు ప్రార్థనండి, తరవాత మందండి. ఎవరికైనా ఇక్కడ ఇదే రూలండి."

భీమరాజుగారు చాప మీద కూచున్నారు. పక్కన చేపలమ్మే అప్పాయమ్మ, వేలికి గుచ్చుకున్న చేపముల్లుతో కూచుంది. ప్రార్థన సాగినంతసేపూ పన్ను సలిపింది. రాజుగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు, తల వంచుకున్నారు, చెంపల మీదుగా నీళ్లు కారిపోయాయి. ఆ తరవాత లాజరు ఎడమవైపు పన్ను పీకి, లవంగనూనెలో తడిపిన దూది కుక్కి, నోట్లోకి మరోసారి తొంగిచూశాడు.

"కుడివైపుది కూడా పుచ్చిందండి. ఎప్పుడో ఒకప్పుడు తమరు మళ్లీ రావాలండి."

అప్పాయమ్మ వేలికి కట్టు కట్టించుకుని, గంప నెత్తినెత్తుకుని, వీధివీధికీ తిరిగింది. ఆవిడ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. "రాజుగారు నా పక్కనే చాప మీద కూచున్నారండి. పాపం, ప్రార్థనలో కళ్లు మూసుకుని ఒకటే ఏడుపండి" అని మాత్రమే అంది. మూడో వీధిలో వెంకన్నగారి ఇల్లుంది. వెంకన్నగారు విని జాలిపడ్డారు.

భీమరాజుగారు ఇల్లు చేరేసరికి భార్య వీరవేణి గడపలో నిలబడి ఉంది.

"ఏమండీ, కిరస్తానంలో కలిసిపోయారటగా. ఆదివారం కాలవలో ముంచుతారట. మరి నా సంగతేంటి? నేను కూడా మునగాలా?"

"పన్ను," అన్నారు భీమరాజుగారు. దూది అడ్డం వచ్చి అంతకన్నా మాట పెగల్లేదు.

"పన్ను కోసం మతం మారతారా ఎవరైనా?"

ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. కౌన్సిలులో సగంమంది ముసలివాళ్లు, మడీ ఆచారం ఉన్నవాళ్లు. ఇంటింటికీ వెళ్లి నేను కలవలేదు బాబూ అని చెప్పుకుంటే, కలిసినవాడే అలా చెప్పుకుంటాడంటారు. నోరు తెరిచి పన్ను ఊడిన చోటు చూపిస్తే, వీధివీధికీ పళ్లు చూపించుకునేవాడు ఊరి పెద్దగా పనికిరాడంటారు. ఆలోచించి ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. కోరుకొండ వెళ్లి నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చి, నున్నటి గుండుతో ఊళ్లోకి దిగాలి. గుండుకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

మంగళవారం తెల్లారకుండానే బండి తోలే చినబాబును వెంటబెట్టుకుని పడవెక్కారు. బుధవారం కొండ కింద మంగలి బుల్లియ్య ముందు కూచున్నారు. బుల్లియ్య పాతికేళ్లుగా ఆ పని చేస్తున్నవాడు. తల గొరిగి, కత్తి తుడుచుకుని అడిగాడు.

"నాన్నగారున్నారాండి?"

ఉన్నారని తల ఊపారు భీమరాజుగారు. తండ్రి దొరబాబుగారు, ఎనభై రెండేళ్లవారు, కాలవ మీద మూడు లాకుల అవతల సొంతూళ్లో నిక్షేపంలా ఉన్నారు.

"అయితే మీసం ఉంచేస్తానండి. తండ్రి ఉన్నవాళ్లు మీసం తీయించకూడదండి."

భీమరాజుగారు సరేనని లేవబోయి ఆగిపోయారు. ఆయన కళ్లముందు వెంకన్నగారి ముఖం కదిలింది. 'అయ్యో, తల ఇచ్చి మీసం దాచుకున్నారట. స్వామి దగ్గర కూడా బేరమేనా' అని ఆ ముఖం జాలిపడుతోంది. భీమరాజుగారు మళ్లీ కూలబడి, పైపెదవి మీద వేలు పెట్టి చూపించారు.

"వద్దండి," అన్నాడు బుల్లియ్య.

"తియ్యి."

"పాపం నాది కాదండి మరి," అన్నాడు బుల్లియ్య, కత్తి నూరుతూ.

గురువారం మధ్యాహ్నం పడవ లాకులపేట చేరింది. రెండురోజుల కాలవగాలికి భీమరాజుగారి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ముఖం వాచి ఉంది. తలమీద వెంట్రుక లేదు, మూతిమీద మీసం లేదు, నోట మాట లేదు. రేవులో ఉన్నవాళ్లు ఆయన్ని చూసి తలపాగాలు తీసి పక్కకు తప్పుకున్నారు. అది భక్తికి దక్కిన గౌరవమనుకుని ఆయన మనసు కుదుటపడింది. ఇంటి వీధి మలుపు తిరిగాక గాని ఏడుపులు వినపడలేదు.

రేవు నుంచి కబురు ముందే అందింది. అరుగుమీద ఇరవైమంది ఆడవాళ్లు కూచుని ఉన్నారు. వీరవేణి పరుగెత్తుకొచ్చి, ఆయన పెదవి చూసి, "అయ్యో మావయ్యగారూ" అని కుప్పకూలింది.

"ఉన్నారు," అన్నారు భీమరాజుగారు. దూది తీసి అవతల పారేసి మళ్లీ అన్నారు. "నాన్నగారు బాగానే ఉన్నారు. నేను మొక్కు తీర్చుకున్నాను."

వీరవేణి కళ్లు తుడుచుకుని లేచింది. ఆవిడ ముఖం ఇంకా పాలిపోయింది.

"ఉన్నారా? ఆయనుండగా మీసం తీయించారా? ఆయనకేమైనా అయితేనో?"

ఆ మాట భీమరాజుగారి గుండెల్లో గుచ్చుకుంది. ఇంతలో వెంకన్నగారే స్వయంగా వచ్చారు. ఇల్లు ముట్టకుండా వీధిలోనే నిలబడి, కండువాతో కళ్లొత్తుకున్నారు.

"పెద్దాయన పోయారట. ఎంత దెబ్బ తగిలిందండి మీకు. పన్నెండు రోజులు మైల కదండి, శనివారం సభకెలా వస్తారు పాపం?"

"మా నాన్నగారు పోలేదండి. బతికే ఉన్నారు."

వెంకన్నగారు చాలాసేపు ఆయన మూతి కేసి చూశారు.

"ఆయ్, అలాగేనండి. శనివారం దాకా ఉన్నారనే అనుకుందాం లెండి," అని మెల్లగా వెళ్లిపోయారు.

సాయంత్రానికి ఊళ్లో కొత్త కబురు పుట్టింది. ఛైర్మన్ కుర్చీ కోసం భీమరాజుగారు తండ్రి చావును దాచిపెట్టారట. కిరస్తానం సంగతి అందరూ మరిచిపోయారు. దీనిముందు అదెంత?

భీమరాజుగారికి మిగిలిన దారి ఒకటే. తండ్రిని తీసుకొచ్చి నలుగురికీ చూపించాలి. చినబాబును అప్పటికప్పుడే పడవెక్కించారు. శుక్రవారం పొద్దున్నకల్లా పెద్దాయన్ను తీసుకు రమ్మన్నారు.

శుక్రవారం పొద్దున్న గడిచింది, మధ్యాహ్నం గడిచింది. చినబాబు రాలేదు. భీమరాజుగారు కాలవగట్టు మీద నిలబడి వచ్చిన ప్రతి పడవనూ చూశారు. కొబ్బరికాయలొచ్చాయి, సున్నం వచ్చింది, నాన్నగారు రాలేదు. ఎందుకు రాలేదు? నోటితో చెప్పుకోలేని భయం ఒకటి మొదలైంది. తాను మీసం తీయించిన క్షణంలోనే అక్కడ నాన్నగారు మంచమెక్కారేమో. ఊరంతా అంటున్న మాట ఇప్పుడు నిజమైపోయిందేమో. చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకునే తాను సొంతూరి కాలవగట్టు మీద నడక నేర్చుకున్నది. ఆ చేతిని తన పిరికితనంతో తానే నరుక్కున్నట్టు అనిపించి ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

గట్టుమీదే నిలబడి కోరుకొండ దిక్కుగా దండం పెట్టారు. "స్వామీ, నాన్నగారిని బతికించి పంపు. ఈ కుర్చీ నాకొద్దు" అని మొక్కుకున్నారు. ఇంటికి వెళ్లి, పోటీలో నుంచి తప్పుకుంటున్నానని కాయితం రాసి, తానే మునిసిపల్ ఆఫీసుకు పట్టుకెళ్లారు.

ఆఫీసు గుమాస్తా వీరబ్రహ్మం ఆయన్ని చూసి గభాల్న లేచి, బల్లకు అటువైపు వెళ్లి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కడే ఆగండి బాబూ. మైలలో మీ చేతి కాయితం నేను ముట్టుకోకూడదండి."

"మైల లేదయ్యా. మా నాన్నగారు ఉన్నారు." ఆ మాట అంటూంటే ఆయన గొంతు వణికింది. ఆ వణుకు వీరబ్రహ్మానికి కూడా వినిపించింది.

"ఆయ్, అలాగేనండి. పన్నెండు రోజులు గడిచాక ఇవ్వండి, తప్పకుండా తీసుకుంటాను."

"ఎన్నిక రేపయ్యా."

"తమకిప్పుడు ఎన్నికల మీద ధ్యాసేంటండి? ఇంటికెళ్లి అమ్మగారిని ఓదార్చండి."

కాయితం బల్లమీద పెడదామని భీమరాజుగారు ఒక అడుగు ముందుకేశారు. వీరబ్రహ్మం కిటికీ ఎక్కబోయాడు. భీమరాజుగారు కాయితం మడిచి రొంటిన దోపుకుని ఇంటికి వెళ్లిపోయారు. తప్పుకుందామన్నా దారి లేదు. మొక్కు తీరకపోతే స్వామి ఊరుకోడని కొత్త భయం పట్టుకుంది.

శనివారం పదకొండు గంటలకు పదకొండుమంది కౌన్సిలర్లు కూచున్నారు. భీమరాజుగారు ఇంట్లో తలుపులేసుకుని ఉన్నారు. పోటీ నుంచి ఎవరైనా తప్పుకున్నట్టు ఆఫీసుకు కాయితం అందలేదని వీరబ్రహ్మం చదివాడు. అది నిజమే. అప్పుడు వెంకన్నగారు లేచి, ముందుగా కీర్తిశేషులు దొరబాబుగారి ఆత్మశాంతికి ఒక నిమిషం నిలబడదామన్నారు. పదకొండుమందీ తలలు వంచుకుని నిలబడ్డారు.

గుమ్మంలో కర్ర చప్పుడైంది. చినబాబు భుజం పట్టుకుని పొడుగాటి ముసలాయన ఒకరు లోపలికొచ్చారు. తెల్లటి మీసాలు చెంపల దాకా దువ్వి ఉన్నాయి.

"ఎవర్రా పోయింది?" అన్నారాయన.

చేతిలో కలం ఉన్న పాపానికి వీరబ్రహ్మమే జవాబు చెప్పాల్సి వచ్చింది.

"తమరేనండి."

"నేనా? శుక్రవారంపూట ప్రయాణం కట్టనని ఒక్కరోజు ఆగానే, దానికే చంపేశారా? ఎవరు చెప్పారు నేను పోయానని?"

ఇరవై రెండు కళ్లలో రెండు తప్ప అన్నీ వెంకన్నగారి మీదికి తిరిగాయి.

"పోయారని నేనన్లేదండి," అన్నారు వెంకన్నగారు. "ఊళ్లో అనుకుంటుంటే జాలిపడ్డానండి."

"మరి ఇప్పుడు నిలబడ్డారేంటి?"

"తమ మీద గౌరవంతోనండి."

"గౌరవం ఉంటే మావాడికి ఓటేసి కూచోండి," అని దొరబాబుగారు ఖాళీగా ఉన్న ఛైర్మన్ కుర్చీలో కూచుని, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కరి ముఖమూ పరీక్షగా చూశారు. నిన్నటిదాకా చచ్చినవాడు ఎదురుగా కూచుని అడుగుతుంటే కాదనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. పది చేతులు లేచాయి. వెంకన్నగారి చెయ్యి కూడా సగం దాకా లేచి, అది ఎవరి చెయ్యో గుర్తుకొచ్చి ఆగింది.

ఇంటి తలుపు తట్టిన చప్పుడు విని, నాన్నగారు పోయిన కబురే వచ్చిందనుకున్నారు భీమరాజుగారు. గడియ తీశారు. ఎదురుగా నాన్నగారు. భీమరాజుగారు ఆయన కాళ్లమీద పడి, యాభై ఏళ్లవాడినన్న సంగతి మరిచిపోయి ఏడ్చారు.

"ఊరు నమ్మింది సరే," అన్నారు దొరబాబుగారు. "నువ్వు కూడా నమ్మావట్రా?"

"భయం వేసింది నాన్నగారూ."

"వేస్తుంది. దానికి మీసమెందుకు తీయించుకున్నావు?" అని ఆయన వంగి, కొడుకు నున్నటి పెదవిని బొటనవేలితో తడిమి చూశారు. కోప్పడదామని వచ్చినవారు, కోప్పడలేకపోయారు. "లేరా. నువ్వు ఛైర్మన్‌వి."

భీమరాజుగారు రొంటిన ఉన్న కాయితం తీసి, కుర్చీ వదులుకుంటానని స్వామికి మొక్కుకున్నానని చెప్పారు. దొరబాబుగారు అది విప్పి చదివారు.

"మొక్కింది స్వామికి కదా. ఆఫీసుకెందుకు రాశావు? కోరుకొండ పట్టుకెళ్లి హుండీలో వెయ్యి. ఆయనకు కావాలంటే ఆయనే వచ్చి కూచుంటాడు."

వీరవేణి నవ్వుతూ చక్కెర తెచ్చి ఇద్దరి నోళ్లలోనూ పోసింది. వీధిలో మేళం మోగింది. పదకొండేళ్ల తరవాత మొదటిసారి భీమరాజుగారు ఎవరేమనుకుంటారో అన్న ఆలోచన లేకుండా నవ్వబోయారు.

అప్పుడే కుడివైపు పన్ను సలపడం మొదలుపెట్టింది. ఛైర్మన్ గారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.